పోర్టబుల్ హార్డ్ డిస్క్: మన్నిక ఎంత? జాగ్రత్త ఎంత?

ఇప్పుడు ఏ సేవా సంఘం ఆఫీసుకు వెళ్లినా, ఏ బడి కంప్యూటర్ గదికి వెళ్లినా బీరువాలో రిజిస్టర్ల పక్కన చిన్న నల్లటి డబ్బా ఒకటి కనిపిస్తుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, మార్కుల జాబితాలు, ఆధార్ నకళ్లు, రసీదు పుస్తకాల స్కాన్ కాపీలు, పదేళ్ల వార్షికోత్సవాల ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. చాలా చోట్ల అది ఎవరో ఒక దాత ఇచ్చిందే. ఇచ్చిన రోజున శాలువా కప్పి ఫొటో తీస్తారు. ఆ ఫొటో కూడా అందులోకే చేరుతుంది.

ఆ డబ్బా ఎన్నాళ్లు పనిచేస్తుందని అడిగితే మాత్రం సరైన జవాబు దొరకడం కష్టం. "కంపెనీవాళ్లు మూడేళ్ల గ్యారంటీ ఇచ్చారు కదా!" అంటారు. ఆ గ్యారంటీ డబ్బాకే గాని లోపలి సమాచారానికి కాదు. పాడైతే కొత్తది ఇస్తారు, కాని ఖాళీది ఇస్తారు. మూడేళ్ల దరఖాస్తులు అందులో ఉంటే అవి తిరిగి రావు. ఈ తేడా తెలిసిన దాత ఒకరకంగా ఇస్తారు, తెలియని దాత ఇంకొకరకంగా ఇస్తారు. అందుకే ఈ పాఠాన్ని ఈ సంచికకు రాస్తున్నాం.

లోపల ఏముంది?

హార్డ్ డిస్క్ పాత యంత్రమే. 1956లో ఐబీఎం కంపెనీ మొదటిదాన్ని తెచ్చింది. అందులో 24 అంగుళాల వెడల్పున్న పళ్లేలు 50 ఉండేవి. బరువు సుమారు టన్ను. అన్ని పళ్లేల మీదా కలిపి పట్టిన అక్షరాలు 50 లక్షలు. ఇప్పటి సెల్‌ఫోన్‌లో తీసిన ఒక మంచి ఫొటోకు అది బొటాబొటిగా సరిపోతుంది.

ఇప్పుడు మన చేతికి వచ్చే డబ్బాలో రెండున్నర అంగుళాల పళ్లేలు ఒకటో రెండో ఉంటాయి. పెద్ద సైజు డిస్క్ అయితే ఇంకా ఎక్కువ. సాధారణంగా ఈ పళ్లెం గాజుతో చేసి ఉంటుంది. దానిమీద అయస్కాంత పదార్థం పలుచని పూతగా ఉంటుంది. నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. లెక్క వేసి చూడండి: పళ్లెం చుట్టుకొలత సుమారు 20 సెంటీమీటర్లు, దాన్ని 90తో గుణిస్తే సెకనుకు 18 మీటర్లు వస్తుంది. అంటే పళ్లెం అంచు గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. హైవే మీద ఆర్టీసీ బస్సు వేగం అది.

ఆ వేగంతో తిరిగే పళ్లెం పైన, చదివి రాసే ముల్లు లాంటి భాగం తేలుతూ ఉంటుంది. దాన్ని హెడ్ అంటారు. పళ్లేనికీ హెడ్‌కూ మధ్య ఉండే ఎడం కొద్ది నానోమీటర్లే. తల వెంట్రుక మందం ఎనభై వేల నానోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. బీడీ పొగలోని నలుసు కూడా ఆ ఎడంలో పట్టదు. డిస్క్ తిరుగుతున్నప్పుడు గట్టిగా కదిలిస్తే ఆ హెడ్ పళ్లేన్ని తాకుతుంది. తాకిన చోట పూత లేస్తుంది. లేచిన పొడి మళ్లీ హెడ్ కింద పడి ఇంకొంత గీస్తుంది. పాత గ్రామఫోను రికార్డు మీద ముల్లు జారితే ఒక్క గీతే పడేది. ఇక్కడ గీత తనంతట తానే పెరుగుతూ పోతుంది.

కరెంటు తీసేసినప్పుడు మాత్రం హెడ్ పళ్లెం మీద ఉండదు. పక్కనున్న చిన్న వాలుగట్టు మీదికి వెళ్లి కూర్చుంటుంది. అందుకే ఆగి ఉన్న డిస్క్ ఎక్కువ దెబ్బను తట్టుకుంటుంది. ఈ రకం డిస్క్‌లకు కంపెనీలు ఇచ్చే పత్రాల్లో తిరుగుతున్నప్పుడు తట్టుకునే దెబ్బ భూమ్యాకర్షణకు సుమారు 400 రెట్లనీ, ఆగి ఉన్నప్పుడు సుమారు 1,000 రెట్లనీ సాధారణంగా కనిపిస్తుంది. అదీ సెకనులో వెయ్యోవంతో రెండు వంతులో ఉండే దెబ్బకే.

గుడ్డు పాఠం

400 రెట్లంటే చాలా ఎక్కువ కదా, బల్ల మీంచి పడితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు చలనం పాఠం చెప్పేటప్పుడు మేము ఒక గుడ్డును నేల మీద, ఇంకో గుడ్డును నాలుగు మడతలు వేసిన బొంత మీద ఒకే ఎత్తు నుంచి వదులుతాం. మొదటిది పగులుతుంది, రెండోది నిలుస్తుంది. నేలను తాకే క్షణంలో రెండింటి వేగం ఒక్కటే. తేడా అంతా ఎంత దూరంలో ఆగిందన్న దానిలోనే ఉంది. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే దెబ్బ భూమ్యాకర్షణకు సగటున ఎన్ని రెట్లో వస్తుంది.

ఇప్పుడు గుడ్డు స్థానంలో హార్డ్ డిస్క్‌ను పెట్టండి. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు, అంటే 750 మిల్లీమీటర్లు. కింద టైల్స్ నేల. ప్లాస్టిక్ డబ్బా ఒక మిల్లీమీటరు నొక్కుకొని ఆగిందనుకుంటే దెబ్బ 750 రెట్లు. తిరుగుతున్న డిస్క్‌కు అది మృత్యువు. ఆగి ఉన్నది బతకవచ్చు. అదే బొంత మీద పడి మూడు సెంటీమీటర్లు లోపలికి దిగి ఆగితే దెబ్బ 25 రెట్లే, అసలు లెక్కలోకే రాదు. ఇరవై రూపాయల స్పాంజి సంచి చేసే పని ఇదే. ఆగే దూరాన్ని పెంచుతుంది. జేబురుమాలు చుట్టినా కొంత నయమే. కాని టీవీకి పెట్టి సినిమా చూస్తున్నప్పుడు డిస్క్‌కు సంచి వేయం కదా! ఎక్కువ ప్రమాదాలు అప్పుడే జరుగుతాయి.

మా పాత విద్యార్థి ఒకతను కువైట్‌లో పనిచేస్తాడు. సెలవుల్లో ఇంటికి వచ్చి అక్క పెళ్లి వీడియో అందరికీ చూపిద్దామని డిస్క్‌ను టీవీకి పెట్టాడు. చనిపోయిన వాళ్ల నాన్నగారు నడుస్తూ, మాట్లాడుతూ ఉన్న వీడియో అదొక్కటే. కేబుల్ పొట్టిది కావడంతో డిస్క్ గాలిలో వేలాడుతోంది. పరుగెత్తుతున్న పిల్లవాడి భుజం తగిలింది. "సార్, పడింది రెండడుగుల ఎత్తు నుంచే కదా, పైన గీత కూడా పడలేదు" అని తెచ్చి చూపించాడు. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల టిక్ టిక్ మంటోంది. హైదరాబాదులో ఒక రికవరీ సంస్థకు పంపితే కొన్ని ఫొటోలు వచ్చాయి గాని వీడియో రాలేదు. పై డబ్బా బాగుందంటే లోపల బాగున్నట్టు కాదని ఆ కుటుంబానికి ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాబట్టి వాడుతున్నంతసేపూ డిస్క్ బల్ల మధ్యలో పడుకొని ఉండాలి. నిలబెట్టకూడదు. ల్యాప్‌టాప్ మీద పెట్టి ల్యాప్‌టాప్‌ను ఎత్తకూడదు. స్కూటర్ డిక్కీలో పానా, పంచర్ సామానుతో కలిపి వేయకూడదు. కంప్యూటర్‌లో సేఫ్‌గా తీసే బటన్ నొక్కాక కూడా పది సెకన్లు ఆగి, పళ్లెం తిరగడం నిలిచిన తర్వాతే కేబుల్ లాగాలి. 2018 నుంచి విండోస్ కంప్యూటర్లలో ఆ బటన్ నొక్కకుండా లాగినా ఫరవాలేదనే సౌకర్యం వచ్చింది. కాని అది ఫైళ్ల కోసం చేసిన ఏర్పాటు. తిరుగుతున్న పళ్లేన్ని అది ఆపదు.

కేబుల్ గురించి కూడా ఒక మాట. డిస్క్ పాడైందని తెచ్చేవాళ్లలో కొందరికి కేబుల్ మారిస్తే చాలు. వెడల్పాటి చిన్న మూతి ఉండే ఆ కేబుల్ వంగి వంగి లోపల తెగుతుంది. డిస్క్ కంటే ముందు పోయేది అదే. ఇంకొన్నిటికి కరెంటు చాలదు. పాత యూఎస్‌బీ రంధ్రం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 రంధ్రం ఇచ్చేది 900. పాతదానికి, లేదా నాలుగు పెన్‌డ్రైవ్‌లు గుచ్చిన చవక హబ్‌కు పెడితే డిస్క్ తిరగబోయి ఆగిపోతూ ఉంటుంది. ఆ శబ్దం విని డిస్క్ పోయిందనుకుంటారు. ముందు కంప్యూటర్ వెనక రంధ్రానికి నేరుగా పెట్టి చూడాలి.

ఎండ, చెమ్మ, వరద

మన ప్రాంతంలో వేసవి సంగతి చెప్పనక్కర్లేదు. చాలా పోర్టబుల్ డిస్క్‌ల పత్రాల్లో పనిచేసేటప్పుడు చుట్టూ ఉండే వేడి 35 డిగ్రీల వరకే అని ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద అది ఎప్పుడో దాటిపోతుంది. ఎండాకాలం పెద్ద కాపీలు పొద్దున్నే చేసుకోవడం మంచిది. కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఏ కాలంలోనూ వదలకూడదు. ఏసీ గదిలోంచి వానాకాలపు ఉక్కలోకి తీసుకెళ్తే చల్లని గ్లాసు మీద పట్టినట్టు డిస్క్ మీద చెమ్మ పడుతుంది. ఒక అరగంట ఆగి పెట్టుకోవాలి.

ఈ డిస్క్‌లకు గాలి పోయే సన్నని రంధ్రం, దానికి వడపోత ఉంటాయి. దుమ్మును ఆపుతాయి గాని నీళ్లను ఆపలేవు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు పట్టణంలోకి వచ్చాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచింది. అలాంటప్పుడు కింది అరలో ఉన్న రిజిస్టర్లూ, కంప్యూటర్లూ, డిస్క్‌లూ కలిసే మునుగుతాయి. పై అరలో పెట్టడం ఖర్చులేని పని. తడిసిన డిస్క్‌ను ఎండబెట్టి కరెంటు పెట్టి చూడకూడదు. బురద నీటిలోని ఉప్పు, మట్టి ఎండితే పళ్లెం మీద గట్టిగా అంటుకుంటాయి. తడిగానే మూసిన సంచిలో పెట్టి నిపుణుడి దగ్గరికి చేర్చాలి.

ఫ్రిజ్ తలుపుకు అతికించే అయస్కాంతంతో భయం లేదు. విమానాశ్రయంలో సంచిని చూసే ఎక్స్‌రేతోనూ భయం లేదు. అక్కడ ట్రే మీద ధడేల్మని పడేయడమే భయం.

ఎన్ని పాడవుతాయి?

2007లో అమెరికాలో రెండు పెద్ద అధ్యయనాలు వెలువడ్డాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు సుమారు లక్ష డిస్క్‌ల రికార్డులు చూశారు. కంపెనీల పత్రాల ప్రకారం ఏడాదికి వందకు ఒకటి కూడా మార్చాల్సిన పని ఉండకూడదు. వారికి కనిపించింది తరచుగా రెండు నుంచి నాలుగు, కొన్ని చోట్ల 13 దాకా. గూగుల్ సంస్థ ఇంజనీర్లు తమ దగ్గరి లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించారు. డిస్క్ తనను తాను తనిఖీ చేసుకున్నప్పుడు మొదటి లోపం కనిపించిందంటే, తర్వాతి 60 రోజుల్లో అది పోయే అవకాశం మిగతావాటికంటే 39 రెట్లు ఎక్కువని తేల్చారు. అయితే పోయినవాటిలో 36 శాతానికి పైగా వేడిని పక్కన పెడితే ఏ సంకేతమూ ఇవ్వకుండానే పోయాయి.

ఈ రెండో సంగతి ముఖ్యమైనది. నెమ్మదించడం, కిర్రుమనడం, ఫైలు తెరుచుకోకపోవడం లాంటి ముందస్తు సూచనలు కనిపిస్తే అదృష్టమే. కనిపించకపోవచ్చు కూడా. పైగా అవి చల్లని గదుల్లో కదలకుండా ఉన్న డిస్క్‌లు. మనవి సంచుల్లో, బస్సుల్లో తిరిగేవి.

వందకు మూడు అనే అనుకుందాం. పదో తరగతి సంభావ్యత పాఠం ఇక్కడ పనికొస్తుంది. ఒక డిస్క్ ఈ ఏడాది పోయే అవకాశం వందకు మూడు. ఒకే సమాచారం రెండు డిస్క్‌లలో ఉంటే, రెండూ అదే ఏడాది పోయే అవకాశం మూడు శాతంలో మూడు శాతం, అంటే పదివేలకు తొమ్మిది. ఎంత ఖరీదైన డిస్క్ కొన్నా ఇంత తగ్గుదల రాదు. కాకపోతే ఈ లెక్కకు ఒక షరతు ఉంది. ఒకదానికి వచ్చిన ఆపద రెండోదానికి రాకూడదు. రెండూ ఒకే బీరువాలో పక్కపక్కన ఉంటే వరదకూ దొంగకూ అవి ఒక్కటే. అప్పుడు గుణకారం చెల్లదు.

ఒకటి కాదు, రెండు

1998లో పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' యానిమేషన్ సినిమా తయారవుతుండగా ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశంతో సినిమా ఫైళ్లు చెరిగిపోవడం మొదలైంది. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడు బయటపడింది. అంతకుముందు దాన్ని తెరిచి పరీక్షించినవారు లేరు. సాంకేతిక విభాగాన్ని చూసే గాలిన్ సుస్మాన్ అప్పట్లో చంటిబిడ్డ తల్లి. ఇంటి నుంచి పనిచేస్తుండటంతో ఆమె ఇంట్లోని కంప్యూటర్‌లో ఒక నకలు ఉంది. ఆ కంప్యూటర్‌కు దుప్పట్లు చుట్టి, కారు సీటుకు బెల్టు కట్టి, నెమ్మదిగా స్టూడియోకు తీసుకువచ్చారు. గుడ్డు పాఠం వాళ్లకూ తెలుసు. సినిమాను కాపాడింది మాత్రం దుప్పటి కాదు, వేరే ఇంట్లో నకలు ఉండటం.

ఈ రంగంలో వాడే సూత్రం మూడు-రెండు-ఒకటి. నకళ్లు మూడు, అవి ఉండే సాధనాలు రెండు రకాలు, వాటిలో ఒకటి వేరే చోట. చిన్న సంఘానికి కంప్యూటర్‌లో ఒకటి, బీరువాలోని డిస్క్‌లో ఒకటి, కార్యవర్గ సభ్యుల్లో ఒకరి ఇంట్లో ఇంకొకటి చాలు. ముఖ్యమైన కాగితాలు కొన్ని ఆన్‌లైన్ ఖాతాలోనూ పెట్టుకోవచ్చు.

తరచుగా మేము చూసే లోపం ఇది: "బ్యాకప్ చేశాం సార్" అంటారు. చేసిందల్లా కంప్యూటర్ నిండిపోయిందని ఫైళ్లను డిస్క్‌లోకి మార్చి, కంప్యూటర్‌లో తీసేయడం. అది నకలు కాదు. ఉన్న ఒక్కదాన్ని ఇంకా తేలికగా కింద పడే చోటికి మార్చడం.

డిస్క్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచడం కూడా తగదు. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అలాంటివి వస్తే కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్క్‌ను కూడా వదలవు. బీరువాలో ఉన్నదే బయటపడుతుంది.

ఈ సంచిక చదివే దాతలకు మా మనవి ఇంతే. సంఘానికో బడికో డిస్క్ ఇవ్వదలిస్తే నాలుగు టీబీలది ఒకటి ఇచ్చే బదులు ఒక టీబీవి రెండు ఇవ్వండి. ఖర్చు దాదాపు అంతే అవుతుంది. కాగితాలకూ ఫొటోలకూ ఒక టీబీ ఎక్కువే. రెండింటినీ వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు నెలల్లో కొంటే మరీ మంచిది. కొన్నాక కంప్యూటర్‌లో 931 జీబీ అని చూపిస్తుంది, మోసపోయామని అనుకోకండి. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, కంప్యూటర్ 1,024తో లెక్కిస్తుంది. నిజమైన మోసం వేరే ఉంది. ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేల రూపాయలకే 16 టీబీలని అమ్మే డబ్బాలు. చేతిలో ఇమిడే హార్డ్ డిస్క్‌లలో పెద్దవి ఐదారు టీబీలకు మించి లేవు. ఆ నకిలీ డబ్బాను విప్పితే చిన్న మెమరీ కార్డు ఉంటుంది. దాని సామర్థ్యం నిండాక పైన రాసినదంతా చెత్తలో కలిసినట్టే. విరాళంగా వచ్చిన వస్తువును అనుమానించడం మర్యాద కాదని అనుకోకుండా, నిండా ఫైళ్లు వేసి తిరిగి తెరిచి చూశాకే నమ్మాలి.

"హార్డ్ డిస్క్ ఎందుకు, ఎస్ఎస్‌డీ ఇద్దాం" అనే దాతలు కూడా ఉన్నారు. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు. కింద పడినా చాలావరకు తట్టుకుంటుంది, వేగం ఎక్కువ. రోజూ సంచిలో తిరిగే ఉపాధ్యాయుడికి అదే మేలు. కాని కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టడానికి అది సరైనది కాదు. అందులో సమాచారం విద్యుదావేశంగా నిలుస్తుంది, ఆ ఆవేశం క్రమంగా కారిపోతుంది. బాగా వాడి అరిగిన సాధారణ ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఒక ఏడాది నిలపాలన్నది ఆ పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. మన బీరువా వేడి అంతకంటే ఎక్కువే. దాచడానికి హార్డ్ డిస్క్, తిప్పడానికి ఎస్ఎస్‌డీ అన్నది మా అభిప్రాయం.

పోయినప్పుడు

టిక్ టిక్ శబ్దం వస్తే వెంటనే కేబుల్ తీసేయాలి. ఇంకొక్కసారి చూద్దామని పెట్టిన ప్రతిసారీ గీత పెరుగుతుంది. ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందని ఒక చిట్కా ప్రచారంలో ఉంది. పళ్లెం మీద చెమ్మ పట్టించడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇంట్లో స్క్రూలు విప్పకూడదు, దుమ్ములేని ప్రత్యేక గదిలోనే విప్పాలి. శబ్దమేమీ లేకుండా "ఫార్మాట్ చేయాలా?" అని కంప్యూటర్ అడిగితే ఒప్పుకోకూడదు. అలాంటి డిస్క్‌లో ఫైళ్లు చాలాసార్లు క్షేమంగానే ఉంటాయి, దారి చూపే పట్టిక చెడి ఉంటుంది. వెలికితీసే సాఫ్ట్‌వేర్‌ను ఆ డిస్క్‌లోనే ఎక్కించకూడదు. దెబ్బతిన్న డిస్క్‌కు రికవరీ సంస్థలు అడిగే మొత్తం డిస్క్ ఖరీదుకు ఎన్నో రెట్లు ఉంటుంది. రెండో డిస్క్ ధర ఎక్కువని వెనకాడేవారు ఆ కొటేషన్ ఒకసారి చూడాలి.

డిస్క్‌ను పారేసేటప్పుడు కూడా ఆలోచించాలి. అందులో పేద పిల్లల ఆధార్ నకళ్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, కొందరు వితంతువుల చిరునామాలు ఉంటాయి. సాయం కోసం నమ్మి ఇచ్చిన కాగితాలవి. పాత సామాను కొట్టుకు అలాగే వేయకూడదు. పనిచేస్తుంటే పూర్తిగా చెరిపి, పనిచేయకపోతే గాజు పళ్లెం ముక్కలయ్యేలా చేసి అప్పుడు ఇవ్వాలి. కంటికి అద్దాలు పెట్టుకొని ఆ పని చేయించండి. వాడుకలో ఉన్న డిస్క్‌కు పాస్‌వర్డ్ పెడితే దాన్ని కనీసం ఇద్దరి దగ్గర రాసి ఉంచాలి.

మా బడిలో కంప్యూటర్ గది బీరువా తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికించి ఉంటుంది. డిస్క్ నంబరు, కొన్న తేదీ, చివరి నకలు తేదీ, రెండోది ఎవరి ఇంట్లో ఉంది అన్నవి దాని గళ్లు. ప్రతి మూడు నెలలకు పదో తరగతి పిల్లలిద్దరు రెండు డిస్క్‌లనూ పెట్టి, ఏవైనా పది ఫైళ్లు తెరిచి చూసి సంతకం చేస్తారు. అయిదేళ్లు నిండిన డిస్క్ పేరు పక్కన ఎర్ర సిరాతో గీత పెడతారు. దాన్ని ఆ తర్వాత పాటలు, సినిమాలు మోసుకెళ్లడానికి మాత్రమే ఇస్తాం.